మళ్లీ అశోక్ నగర్‌లో గది వెతికిన రోజు

పెళ్లికి ముందు పోటీ పరీక్షల కోసం అశోక్ నగర్‌లో రెండేళ్లు ఉన్నాను. చదివింది గ్రూప్స్‌కే అయినా వచ్చింది మాత్రం పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం. జనగామ దగ్గర ఒక ఊళ్లో పనిచేస్తున్నాను. ఆరేళ్ల కూతురు, చిన్ని, ఉంది. ఈ మధ్య గ్రూప్ వన్ రాయాలన్న ఆశ మళ్లీ పుట్టింది. ఏడాది జీతం లేని సెలవు పెట్టాలి, చిన్నిని అత్తమ్మ దగ్గర ఉంచాలి, ఇంటికి ఆదివారం మాత్రమే ఫోన్ చేయాలి. ఇలా అన్నీ అనుకుని, గది చూసుకోవడానికి మూడు నెలల కింద ఒక శనివారం పొద్దున్నే బయలుదేరాను.

జనగామ నుంచి ఉప్పల్‌కు ఎక్స్‌ప్రెస్ బస్సులో సుమారు రెండు గంటలు పట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారి, చిక్కడపల్లిలో దిగొచ్చు గానీ, పాత దారి చూడాలని నారాయణగూడలో దిగాను. నేనూ రూమ్మేట్ సరితా ఇక్కడున్న రోజుల్లో ఈ రోడ్డు మీద మెట్రో స్తంభాలు మాత్రమే లేచి ఉండేవి. వాటి కింద దుమ్ములో, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పాత పుస్తకాల కోసం నడిచేవాళ్లం. ఫ్లైఓవర్ పక్కన బండి మీద ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్‌కు ఎనభై రూపాయలు అడిగాడు.

"కోచింగ్‌ల చేర్పియ్యనీకి వచ్చిన్రా అక్కా, ఎవరినన్న?" అన్నాడు డ్రైవర్.

"లేదన్నా, నేనే చదువుకుందామని."

"మంచిదే. మా చెల్లె గూడ ఈడనే సదువుతది. నేను దినాం గీ రోడ్ల మీదనే తిరుగుత, ఆమెను చూసి నెల దాటింది. పరీక్ష అయినంక రా అన్నది."

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. అంత పట్టుదల ఉండాలిలే అనుకున్నాను.

పాత హాస్టల్ అదే సందులో ఉంది. కింద జిరాక్స్ షాపు, పైన మూడంతస్తులు. వార్డెన్ ఆంటీ నన్ను గుర్తుపట్టింది. "నువ్వు సరిత రూమ్మేట్‌వి కదా?" అంది. భోజనంతో కలిపి నెలకు ఏడు వేలు. రెండో అంతస్తులో ఒక మంచం ఖాళీగా ఉంది. సాయంత్రంలోగా చెబుతానని బయటికి వచ్చాను.

సరితది నల్లగొండ దగ్గర పల్లెటూరు. నాకంటే బాగా చదివేది. పుస్తకం పట్టుకుంటే పక్కన పెళ్లి బ్యాండు మోగినా తల ఎత్తేది కాదు. కానీ పొద్దు వాలగానే పుస్తకం మూసి, నన్ను చెయ్యి పట్టి మేడ మీదికి లాక్కుపోయేది. ఆరేసిన బట్టల మధ్య కూర్చుని, ఆ రోజు ఎలా గడిచిందో ఇద్దరం చెప్పుకునేవాళ్లం. నాకు జ్వరమొచ్చిందని నాకంటే ముందు ఆమెకే తెలిసింది, అలా మాట్లాడుతున్నప్పుడే. రెండో ఏడాది ఆఖరులో, పరీక్ష దగ్గర పడ్డాక, ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. ఓడిపోయిందనుకున్నాను. ఇప్పుడు అదే వీధిలో ఒక చిన్న కోచింగ్ సెంటర్లో భూగోళం చెబుతోంది.

మెస్‌లో భోంచేసి రెండింటికి ఆమె క్లాసుకు వెళ్లాను. వెనక బెంచీలో కూర్చోమని సైగ చేసింది. గోదావరి ఉపనదుల గురించి చెబుతూ సగంలో ఆగింది.

"మౌనికా, పెన్ను పక్కన వెట్టు. తిన్నవా?"

మూడో వరసలో ఒక అమ్మాయి ఉలిక్కిపడి తల ఊపింది. తిన్నట్టు లేదు. సరిత పాఠం పూర్తి చేసి, క్లాసయ్యాక ఆ పిల్లనూ నన్నూ తన గదిలోకి పిలిచి, ఆ పిల్ల చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టింది.

"వారం సంది చూస్తున్న. ఇంట్ల అంత మంచేనా?"

"ఏమో మేడం. ఫోన్ బంద్ వెట్టిన. ఇంటికెల్లి ఫోన్ వస్తే మనసు గుంజుతది, సదువు సాగదు."

"ఇప్పుడు చెయ్. నేనున్న."

ఆ పిల్ల ఫోన్ ఆన్ చేసి ఇంటికి కలిపింది. అవతలి మాటలు వింటూ మెల్లగా గోడకు ఆనుకుంది. చెడ్డ కబురేమో అనుకుని నేను లేచి నిలబడ్డాను. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ అంది: "మా అక్కకు బిడ్డ పుట్టిందట మేడం. నెల ముందుగాలనే. నాలుగు రోజులాయె. అందరు నాకే ఫోన్ చేస్తున్నరట." నవ్వుతోంది, ఏడుస్తోంది. "అక్క నన్నే అడిగిందట, ఆపరేషన్‌కు తీస్కపోయేటప్పుడు."

సరిత ఆమెను ఆ రాత్రికే ఊరికి వెళ్లి రమ్మంది. పాఠాలు తాను మళ్లీ చెబుతానంది.

తర్వాత మేమిద్దరం చిక్కడపల్లి గ్రంథాలయం వైపు నడిచాం. చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ చూసినా చదువుకునే పిల్లలే. ఎదురుగా కొట్లో చాయ్ తాగుతూ, సెలవు, హాస్టల్ సంగతంతా చెప్పి అడిగాను, "మరి నన్ను రావొద్దంటవా?"

"రావొద్దని ఎందుకంట? నువ్వు గట్టిదానివి, రాస్తవ్. నేను గూడ గట్టిగనే చదివిన. కని దినాం పొద్దుగూకినంక ఆలోచిస్తుంటే, నాకు ఆఫీసర్ కుర్చీ మీద గాదు, పాఠం చెప్పుట్ల మనసుందని మెల్లగ తెల్సింది. తెల్సినంక ఆగబుద్ధి గాలే." చాయ్ గ్లాసు కింద పెట్టింది. "చిన్నికి ఎన్ని పండ్లు ఊడినయ్?"

వేళ్ల మీద లెక్కపెట్టబోయాను. రెండా, మూడా? ఆ నెలంతా సెలవు, సిలబస్, గది తప్ప నాకు ఇంకేమీ పట్టలేదు.

మంచం వద్దని ఆంటీకి చెప్పేసి సాయంత్రం బస్సెక్కాను. చదువు మానలేదు. తెల్లవారుజామున రెండు గంటలు, ఆఫీసు నుంచి వచ్చాక ఒక గంట చదువుతున్నాను. నెలకొక ఆదివారం చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్తున్నాను. మెయిన్స్ దాకా వెళ్తే, దానికి ముందు రెండు నెలలు మాత్రమే సెలవు పెడతాను. ఒకే గురి పెట్టుకుంటే దారి దగ్గరవుతుందని ఇన్నాళ్లూ నమ్మాను. ఆ రెండేళ్లలో చదివినదాంట్లో సగం మరిచిపోయాను. మేడ మీద ఆరిన బట్టల వాసన, సరిత గొంతు మాత్రం అలాగే ఉన్నాయి.

మీలో ఎవరైనా అక్కడ గది చూడటానికి వెళ్తుంటే ఒక్కమాట. పగటిపూట వెళ్లండి, లైటు ఆర్పించి చూడండి. పుస్తకం ముందు కూర్చున్నా, బయట ఎండ ఉందో వాన పడుతోందో తెలిసే గదినే తీసుకోండి.