సుందరయ్య చెప్పనివ్వని మాట

సుందరయ్యకు సూటిగా మాట్లాడడం చేతకాదు. మా పై వాటాలో పద్నాలుగేళ్లు అద్దెకున్న మనిషి గురించి ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదని తెలుసు. కానీ ఆయన మీద నాకింకా కోపం పోలేదు. నా మీద నాకున్న కోపం అంతకంటే ఎక్కువ.

మాది తణుకు. మా ఆయన పట్టాభికి ఇక్కడ ఉద్యోగం కావడంతో కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నాం. సుందరయ్యది నల్గొండ వైపు పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు పాఠాలు చెప్పే ఒక కోచింగ్ సెంటర్లో అటెండరు. చదివింది ఏడో తరగతి. బోర్డు తుడవడం, మైకు పెట్టడం, లెక్చరర్లకు టీ తేవడం ఆయన పని. ఆ పని అయ్యాక తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ముప్ఫై ఏళ్లు పాఠాలు విన్నాడు. పాఠాలు విన్నచోటే పోయాయి. వాటిలోని పెద్ద పెద్ద మాటలు మాత్రం ఆయన చిన్న నోటుబుక్కులో మిగిలాయి.

మోటారు చెడిపోతే, "మేడమ్, జలసరఫరా వ్యవస్థ స్తంభించింది" అనేవాడు.

"నీళ్లు రావట్లేదని చెప్పొచ్చు కదయ్యా!" అనేవారు మా ఆయన.

ఈ పిచ్చి ఎలా పట్టిందో ఒకసారి ఆయనే చెప్పాడు. పనిలో చేరిన కొత్తలో అక్కడి గుమస్తా ఒకడు అందరి ముందూ "ఒరేయ్, ఊరోడా" అని పిలిచేవాడట. ఒకరోజు సుందరయ్య, అంతకు ముందే పాఠంలో విన్న ముక్క పట్టుకుని, "మీ ధోరణి అప్రజాస్వామికంగా ఉన్నది" అన్నాడట. గుమస్తా నోరెళ్లబెట్టాడు. మర్నాటి నుంచి ఒరేయ్ పోయి "సుందరయ్యా" అయింది. ఒక్క మాటతో అంత మర్యాద దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు?

చర్చిలో ఆ మర్యాద ఇంకా పెరిగింది. వాళ్ల సంఘంలో ఎవరైనా పోతే, కొన్నాళ్లకు జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పోయిన వారి జీవితం రాసి చదువుతారు. ఎల్బీనగర్‌లోని వాళ్ల చర్చిలో ఎవరు పోయినా ఆ కాగితం సుందరయ్యే రాయాలి. గోపయ్య అనే ఆటో డ్రైవర్ పోయినప్పుడు నేనూ వెళ్లాను. "బహుముఖ ప్రజ్ఞాశాలి, అకుంఠిత దీక్షాదక్షుడు" అంటూ పావుగంట చదివాడు. జనం తలలూపారు. తిరిగొస్తుంటే ఆయన భార్య రాములమ్మ అడిగింది: "ఏమయ్యా, నువ్వు సదివింది మన గోపయ్యన్న గురించేనా?"

నేను పడి పడి నవ్వాను. సుందరయ్య నవ్వలేదు. "ఈమెకు సాహిత్య స్పృహ లేదు మేడమ్" అన్నాడు నాతో.

రాములమ్మకు లేనివి చాలా ఉన్నాయని ఆయన ఉద్దేశం. ఆమె సాయంత్రం పూట హాస్టళ్ల సందు మొదట్లో జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఉద్యోగాల కోసం చదువుకునే పిల్లలు వరుసకట్టి నిలబడేవారు. ఆ గిరాకీతోనే కూతురు బ్లెస్సీ పెళ్లి చేసింది. అయినా నలుగురిలో ఆమె నోరు తెరిస్తే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. "నువ్వు ఊకో, నేను చెప్త" అనేవాడు. ఆమె ఊరుకునేది. పెద్ద మాటలొచ్చిన మొగుడని ఆమెకూ లోపల గర్వమే.

పోయిన నవంబరులో ఒక మధ్యాహ్నం రాములమ్మ పిండి కలుపుతూ కలుపుతూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఒళ్లంతా చెమట. ఆటో పిలిచి ఎల్బీనగర్‌లో ఒక చిన్న దవాఖానకు తీసుకెళ్లాం, నేనూ సుందరయ్యా.

డాక్టరు కుర్రవాడు. బయట జనం కిటకిటలాడుతున్నారు. "ఏమవుతోందమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"ఛాతిల బండ వెట్టినట్టున్నది బిడ్డా..." అని మొదలుపెట్టింది.

"నువ్వు ఊకో" అన్నాడు సుందరయ్య. గొంతు సవరించుకుని, "సర్, దీర్ఘకాలిక జీర్ణకోశ రుగ్మత. క్రానిక్ గ్యాస్ట్రయిటిస్ విత్ హైపర్ అసిడిటీ" అన్నాడు.

డాక్టరు తలెత్తి చూశాడు. "మీరు మెడికల్ ఫీల్డా?"

ముప్ఫై ఏళ్లలో ఆయనకు దక్కిన అతి పెద్ద బిరుదు అది. ముఖం వెలిగిపోయింది. "కొంత పరిజ్ఞానం ఉన్నది సర్" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. ఆయన దర్జా చూసి నవ్వొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆమెను చెప్పనివ్వండి అని ఒక్క మాట అనలేదు. డాక్టరు ఇంకో రెండు ప్రశ్నలు వేయాల్సింది, గుండె పరీక్ష చేయాల్సింది. చేయలేదు. ఒక ఇంజెక్షన్, గ్యాసు మాత్రలు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రాములమ్మ చిన్నగా అంది. "ఎడమ రెట్ట గుంజుతున్నది. గది చెప్పనియ్యకపోతివి."

"రొట్టెలు కొట్టి కొట్టి కండరాలు శ్రమకు లోనైనయ్" అన్నాడు సుందరయ్య.

"నాకు బుగులైతున్నదయ్యా" అని భయపడింది ఆమె. ఆయన మాత్రల చీటీ చదువుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున పదింటికి రాములమ్మ పోయింది. ఈసారి పెద్ద దవాఖానకే తీసుకెళ్లాం కానీ, అప్పటికే ఏమీ మిగల్లేదు. అక్కడి పెద్ద డాక్టరు, "నిన్న ఛాతీలో బరువనీ, ఎడమ చెయ్యి లాగుతోందనీ ఏమైనా అన్నారా?" అని అడిగారు. పెద్ద అంబర్‌పేట్ నుంచి పరుగున వచ్చిన బ్లెస్సీ తండ్రి వైపు చూసింది. ఆయన నోట మాట రాలేదు. చిన్నదీ రాలేదు, పెద్దదీ రాలేదు.

ఆ తర్వాత ఆయన మాట్లాడడమే తగ్గించేశాడు. నీళ్లు రాకపోతే కిందికి దిగొచ్చి మోటారు వైపు చేయి చూపించి నిలబడేవాడు. ఆ పాత మాటల కోసం నా ప్రాణం కొట్టుకుపోయేది.

రాములమ్మ జ్ఞాపకార్థ కూడిక రోజు చర్చి నిండిపోయింది. రొట్టెలు కొనే హాస్టల్ పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. అందరి కాగితాలూ రాసిన మనిషి సొంత భార్యకు ఎంత గొప్పగా రాసుంటాడోనని జనం ఎదురుచూస్తున్నారు. సుందరయ్య లేచాడు. చేతిలో కాగితం లేదు. మైకు పట్టుకున్నాడు. సాయానికి బ్లెస్సీ లేవబోతే చేత్తో ఆపాడు.

"రాములమ్మ నా భార్య" అన్నాడు. "రొట్టెలు మంచిగ చేస్తుండె. ఆ దినం డాక్టరుకు ఒక మాట చెప్పబోయింది. నాకు నామోషీ అయి నేను చెప్పనియ్యలె. గా మాట ఇయ్యాల చెప్త."

కళ్లు మూసుకున్నాడు. గొంతు ఆయనదే, మాటలు ఆమెవి.

"ఛాతిల బండ వెట్టినట్టున్నది బిడ్డా. ఎడమ రెట్ట గుంజుతున్నది. నాకు బుగులైతున్నది."

మైకు పక్కన పెట్టి వచ్చి నా ముందు వరసలో కూర్చున్నాడు. అదంతా చెప్పడానికి ఆయనకు అర నిమిషం కూడా పట్టలేదు.