సలేశ్వరం దారిలో ఆగయ్య మామ కేక

మా ఆగయ్య మామది అసలు ఉప్పలే. పొలాలు ప్లాట్లయ్యాక నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి ముప్ఫై ఏళ్లు తలొంచుకుని పనిచేశాడు. అక్కడ సూపర్‌వైజర్ ఆయన మాట వినడు, ఇంట్లో ఐలమ్మ అత్త అసలే వినదు. ఆయన నోరు తెరిస్తే నలభై మంది బదులిచ్చేది ఏడాదికి ఒక్కరోజే, నల్లమల అడవిలో సలేశ్వరం జాతర రోజు.

లింగమయ్య ఉన్న లోయలోకి దిగేటప్పుడు ముందు నడిచేవాడు "వస్తున్నం లింగమయ్యో" అని కేకేయాలి, వెనకవాళ్లంతా అందుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు "పోతున్నం లింగమయ్యో" అనాలి. మా గుంపులో ఆ కేక ఇరవై ఏళ్లుగా మామదే. నిరుడు మోకాలు నొప్పితో ఆయన రాలేకపోతే ఆటో నడిపే దామోదర్ కేకేశాడు. కుర్రవాడు, గొంతు ఖంగుమంటుంది. అందరికీ నచ్చి, ఈసారీ వాణ్నే ముందు నడవమన్నారు.

మామకు ఒళ్లు మండిపోయింది. మోకాలు నొప్పి అని ఆయన మొహం చిట్లించాడు గానీ అది అచ్చంగా అసూయ. బస్సులో పక్క సీటు నాదే, నాకు తెలియదా! మన్ననూరు దగ్గర ప్రతాపరుద్రుడి కోట గురించి, అక్కడ కాపలా కాసిన సైనికుల గురించి ఏటా మామే చెప్పేవాడు. ఈసారి దామోదర్ మొదలుపెట్టాడు. బస్సంతా నోరు తెరుచుకుని విన్నది.

"నేను జెప్పిందే నాకు జెప్తుండు, సూడు," అని మామ పళ్లు కొరికాడు.

అడవిలో దిగుతుంటే, దారి ఇరుకైన చోట దామోదర్ నీళ్లు తాగడానికి ఆగాడు. అంతే, మామ నలుగురిని నెట్టుకుంటూ ముందుకు దూరి, ఉక్రోషంలో నోటికొచ్చింది అరిచేశాడు.

"పోతున్నం లింగమయ్యో!"

దేవుణ్ని చూడకముందే వెళ్లొస్తామని చెప్పేశాడు. ఒక్కరూ అందుకోలేదు. వెనక ఎవరో అపశకునం అన్నారు. నేను మామ మొహం చూడలేకపోయాను.

దామోదర్ బాటిల్ మూత పెట్టి వచ్చాడు. "ఏం గాదు మామా. జర దమ్ము తీస్కొని మల్ల నువ్వే పిలువు. మేం అందుకుంటం."

తిట్టినా బాగుండేది. వాడి మంచితనం మామకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఇక వాడికి సందివ్వకుండా లోయ అడుగుదాకా కేకలు వేస్తూనే ఉన్నాడు. తీరా లింగమయ్య ముందు మొక్కు చెప్పుకోబోతే, అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది.

తిరుగు దారిలో కేక దామోదర్‌దే అయింది. మేమంతా అందుకున్నాం. మామ కూడా నోరు తెరిచాడు గానీ, దామోదర్ వెనక బదులిచ్చే నలభై మందిలో కూడా ఆయన గొంతు లేదు.