యూ బై వీలో మైనస్ ఎవరి ముందు?

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరులోని ఒక జూనియర్ కాలేజీకి లెక్కల లెక్చరర్‌గా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ముందు నా చివరి పోస్టింగు అదే.

ఇంటర్ ఫస్టియర్‌లో రెండో లెక్కల పేపరును వన్‌బీ అంటాం. డిఫరెన్షియేషన్ అందులోనే వస్తుంది. ఒక విలువ ఎంత వేగంగా మారుతోందో చెప్పేది డెరివేటివ్; పెరుగుతుంటే ప్లస్, తగ్గుతుంటే మైనస్. దాన్ని డాష్‌తో సూచిస్తాం. యూ, వీ అనే రెండు విలువల గుణకారానికి ఒక సూత్రం, యూ బై వీ అనే భాగహారానికి ఇంకొకటి. మా పిల్లలు వీటిని క్లాసంతా గొంతు కలిపి పాడతారు. గుణకారానికి "యూ వీడాష్ ప్లస్ వీ యూడాష్". ప్లస్ కాబట్టి ఏది ముందున్నా చిక్కులేదు. భాగహారానికి కూడా అదే వరసలో ప్లస్ తీసి మైనస్ పెట్టి, కింద వీ స్క్వేర్ వేసేస్తారు. కొంప మునిగేది అక్కడే. వీ యూడాష్ ముందు రావాలి. లేకపోతే జవాబు గుర్తు తలకిందులవుతుంది.

కొల్లేటి లంక నుంచి బస్సులో వచ్చే సునీత కొద్ది మార్కుల్లో వన్‌బీ తప్పింది అలాగే. చేపల చెరువు మీద పనిచేసే వాళ్ళ నాన్న నాగరాజు ఆ పిల్లని వెంటబెట్టుకుని స్టాఫ్‌రూముకి వచ్చాడు.

"సప్లిమెంటరీ కూడా పోతే రొయ్యల ఫ్యాక్టరీలో పెట్టేస్తానండి మేడమ్. ఏవీ అనుకోకండి."

"నేను చదువుకుంటానండీ" అంది సునీత, తల దించుకునే.

నాకు ఒళ్ళు మండింది. ఒక పిల్ల చదువు ఆపడానికి ఒక మైనస్ చాలా? "ఏవండీ, పరీక్ష అయ్యేదాకా ఆ ఫ్యాక్టరీ మాట ఇంట్లో ఎత్తకండి" అన్నాను.

మర్నాటి నుంచి స్పెషల్ క్లాసు పెట్టాను. ఎంత చెప్పినా ఆ పిల్ల నోటికి పాత వరసే వచ్చేది. చివరికి విసుగొచ్చి చాక్‌పీస్ కింద పెట్టమన్నాను.

"చెరువులో వేసే మేత రోజూ అంతే. చేపల సంఖ్య మాత్రం పెరుగుతోంది. ఒక్కో చేపకి అందేది ఏమవుతుంది?"

"తగ్గుద్దండి. అది కూడా తెలీదేంటండీ మీకు!"

నవ్వొచ్చింది. మేత యూ, చేపలు వీ, ఒక్కో చేపకి అందేది యూ బై వీ అన్నాను. మేత మారకపోతే యూడాష్ సున్నా. మిగిలేది వీడాష్ ఉన్న ముక్కే. తగ్గుదల రావాలంటే మైనస్ దాని ముందే ఉండాలి. సునీత చాక్‌పీస్ తీసుకుని సూత్రం మళ్ళీ రాసింది.

సప్లిమెంటరీలో పాసైంది. చెప్పడానికి వచ్చినప్పుడు "అయితే సూత్రం నోటికొచ్చేసిందన్నమాట" అన్నాను కాస్త గర్వంగానే.

"లేదండి మేడమ్. పరీక్షలో మళ్ళీ తికమకపడ్డాను. రెండు రకాలుగానూ పక్కన రాసి, వన్ బై ఎక్స్‌కి వేసి చూశానండి. ఎక్స్ పెరిగితే అది తగ్గాలి కదండీ? ప్లస్ వచ్చినదాన్ని కొట్టేశాను."

వన్ బై ఎక్స్‌తో సరిచూసుకోమని నేను చెప్పలేదు. ఆ పిల్లే కనిపెట్టుకుంది.

ఆ తర్వాత కూడా క్లాసులో పాట ఆపించలేదు. కానీ సర్వీసులో ఉన్నన్నాళ్ళూ, ఏ సూత్రమైనా బోర్డు మీద రాసిన రోజే, అది తప్పుగా గుర్తొస్తే ఎలా పట్టుకోవాలో కూడా చెప్పాను.