పూల బకెట్టు, ఉత్త బకెట్టు

కోరుట్ల పక్కన మా ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండేది నేనే. నా మనుమరాలు అక్కడే నాలుగో తరగతి. ఆ ఏడు మన పండుగలతోనే సైన్సు చెప్పాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. సారు బతుకమ్మను పట్టుకున్నాడు. తంగేడు, గునుగు పూలు చెరువు నీళ్లను శుభ్రం చేస్తాయి, చేసి చూపిద్దాం అన్నాడు. చూపించే పని మా పిల్లకు అప్పజెప్పి, జగిత్యాల సైన్సు మేళాకు తీసుకుపోతానన్నాడు. అప్పటి నుంచి దానికి నిద్రలో కూడా జగిత్యాలే.

చెరువు నీళ్లు రెండు బకెట్లలో పోశారు. ఒకదాంట్లో వేయడానికి బతుకమ్మ పేర్చమని నన్ను పిలిచారు. నా పెనిమిటి పోయినప్పటి నుంచి ఊళ్లో ఎవరి బతుకమ్మ మీదా నా చెయ్యి పడనివ్వరు. సైన్సుకు ఆ పట్టింపు లేదేమో, మంచిదే అనుకుని పేర్చాను.

వారం తిరిగేసరికి పూల బకెట్టు కంపు కొట్టింది. ఉత్త బకెట్టు తేటగానే ఉంది. మేళాకు ముందు మండలం ఆఫీసు నుంచి పెద్ద మేడం చూడటానికి వస్తుందని తెలిసి సారు వంటగదికి వచ్చాడు.

"పెద్దమ్మా, గా పూల బకెట్ల నీళ్లు పారబోసి బోరు నీళ్లు పొయ్యి. పూలు గూడ కొత్తయి ఎయ్యి."

"పోస్త సారూ. మరి సైన్సు పూలదా, బోరుదా?"

"గియన్ని నీకెందుకు? పిల్ల జగిత్యాల పోవాల్నా, వద్దా?"

పోవాలనే బకెట్టు ఎత్తబోయాను. పిల్ల దాన్ని పట్టుకుని వదల్లేదు.

"వద్దు బాపమ్మా. పారబోస్తె ఏమైందో ఎట్ల ఎర్కైతది?"

పప్పు మాడుతోందని చెప్పి లోపలికి పోయాను. అబద్ధం కాదు, కొంచెం మాడింది కూడా.

మరునాడు మేడం వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏ నీళ్లు మంచిగున్నయి బిడ్డా?"

"పూలు లేనియి మేడం."

సారు గబుక్కున నా వైపు తిరిగాడు. "ఈ పెద్దమ్మ ఎన్నేండ్ల సందో పేరుస్తది మేడం. చెప్పు పెద్దమ్మా, నీళ్లు మంచిగైతయి గదా?"

పేర్చనిస్తే కదా అనబోయి మింగాను. పిల్ల నా ముఖంలోకే చూస్తోంది.

"మేం ఆడుకునెటందుకు పేరుస్తం మేడం. నీళ్లు సాఫ్ చేసెటందుకు కాదు."

మేళాకు వేరే పిల్ల పోయింది, అట్ట మీద బతుకమ్మ బొమ్మ గీసుకుని. అట్టకు కంపు రాదు కదా, బహుమతి వచ్చింది.

ఆ సాయంత్రం మా పిల్లను అడిగాను.

"జగిత్యాల పోకపోతివి. దుఃఖమైతందా?"

"ఐతంది."

"మరి మేడంకు పూల నీళ్లే మంచిగున్నయని ఎందుకు చెప్పకపోతివి?"

"కంపే ఉండె గదా బాపమ్మా," అని నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.