నీళ్లలో తేలిన రాయి

ఐస్‌లాండ్‌లో మనుషులుండని కొండల పార్కు ఒకటుంది. అగ్నిపర్వతాల నేల, నల్లగా ఉంటుంది, పగుళ్లలోంచి ఆవిర్లు లేస్తాయి. వేడినీళ్ల వాగులో కూర్చుని చుట్టూ మంచు చూడొచ్చు. నేరేడుచర్లలో రైస్‌మిల్లు నడిపే నాకు ఇవన్నీ ఎలా తెలుసంటే, సూర్యాపేటలో ధాన్యం దుకాణమున్న నా చిన్ననాటి స్నేహితుడూ నేనూ ఏడేళ్లుగా దాని వీడియోలు చూస్తున్నాం. వెళితే ఇద్దరమూ, లేకపోతే లేదు అని మాట. కోదాడలో ఒకే రోజు పాస్‌పోర్ట్ ఫోటోలు కూడా దిగాం.

నిరుడు వానాకాలంలో వాడు కంటి ఆపరేషన్ అని హైదరాబాద్ బయల్దేరాడు.

"పది దినాలు దుకాణం జర సూడురా. ఫోన్ ముట్టొద్దన్నరు డాక్టర్లు. ఏసీ గదిల సలి పెడతదట, నీ స్వెటర్ ఇయ్యి."

ఇచ్చాను. రోజూ బస్సెక్కి పోయి వాడి దుకాణంలో కూర్చున్నాను. ఆదివారం వాడపల్లి సంగమంలో మునిగి, వాడి కన్ను బాగుండాలని మొక్కాను. నా అంత వెర్రివెంగళప్ప జిల్లాలో ఇంకొకడు ఉండడు.

వాడు నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చాడు. ధాన్యం దుకాణంలోకి మా వైపు ఎవరూ చెప్పులతో రారు. వాడూ బూట్లు గడప బయటే విడిచాడు. నేను ఇంటికి బయల్దేరుతూ చూస్తే, వాడి బూటు అడుగున శనగగింజంత నల్ల రాయి ఇరుక్కుని ఉంది. తీశాను. ఒళ్లంతా చిల్లులు, చేతిలో బరువే లేదు.

"ఏందిరా ఇది?"

"వాడపల్లి సిమెంట్ ఫ్యాక్టరీ కాడ అంటింది కావొచ్చు."

హైదరాబాద్ దవాఖాన నుంచి వచ్చినవాడికి దారిలో వాడపల్లి ఎందుకు తగులుతుంది?

ధాన్యం కొనేటప్పుడు గుప్పెడు గింజలు నీళ్లలో వేసి చూడటం మాకు అలవాటు. గట్టి గింజ మునుగుతుంది, తాలు తేలుతుంది. ఆ అలవాటుకొద్దీ రాయిని గుమ్మం పక్కన కాళ్లు కడుక్కునే బకెట్‌లో వేశాను. తేలింది. అలా తేలే రాళ్లు ఆ పార్కులో ఉంటాయని వీడియోలో ఇద్దరం కలిసే చూశాం.

వాడు కళ్లద్దాలు తీశాడు. రెండు కళ్లూ శుభ్రంగా ఉన్నాయి.

"నీ మోకాళ్ల నొప్పులు సూడు. గాడ దినమంత నడవాలె. నీతోని వస్తే నేను గూడ ఆగిపోవుడే అయితది. చెప్తే బాధపడ్తవని..."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆగిపోతే ఏమయ్యేది? ఇద్దరం ఎక్కడో ఒకచోట కూర్చునేవాళ్లం కదా! బకెట్‌లోంచి రాయి తీసి గడప మీద పెట్టాను. శాంతించాననుకున్నాడో ఏమో, ఫోన్ తీసి ఫోటో చూపించాడు. నల్లటి కొండవాలు, వెనక ఆవిర్లు, మధ్యలో నవ్వుతూ వాడు. ఒంటిమీద నా స్వెటర్.

ఆ పార్కు కోసమే కొనుక్కుని, ఒక్కసారి కూడా తొడుక్కోకుండా దాచుకున్న స్వెటర్ అది.