గంగమ్మ, కంగమ్మాళ్

మొన్న గుడియాత్తం బ్యాంకులో ఒక పిల్ల నా తల్లి పేరు అడిగింది. “గ తో కావాలా, క తో కావాలా అమ్మా?” అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నాకు మాత్రం పోయిన ఏటి ఎండాకాలమంతా కళ్ల ముందు తిరిగింది.

మా అక్క వేలూరులో నర్సు చదువు చదివి ఇంగ్లండులో స్థిరపడిపోయింది. జబ్బు ముదిరిందనీ, ఇక ఎన్నాళ్లో ఉండదనీ మేనకోడలు ఫోన్ చేసింది. ఒకసారి చూసి రావాలంటే విజిటర్ వీసా కావాలి. నేను బడి ముఖం చూడనివాడిని. పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని తెలుగు, తమిళం, కాస్త ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ గర్వంతో కాగితాలన్నీ నేనే సర్దాను. భూమి పట్టా, పాసుబుక్కు, తిరిగి వస్తానన్న హామీ పత్రం. డెబ్బై దాటినవాడు రెండు పాడి ఆవులను వదిలి ఆ చలిలో ఎక్కడికి పారిపోతాడో వాళ్లకే తెలియాలి! వేలూరు ఏజెంటు అన్నీ తిరగేసి ఒకచోట వేలు పెట్టాడు. అక్క కాగితాల్లో అమ్మ పేరు గంగమ్మ, నా వాటిలో కంగమ్మాళ్. తమిళంలో గ కూ క కూ అక్షరం ఒకటే. ఎప్పుడో ఎవరో గుమాస్తా దాన్ని ఇంగ్లీషులోకి దింపుతూ క అనుకున్నాడు, చివర తన వంతుగా ఒక ళ్ తగిలించాడు. దాంతో అక్క నాకు ఏమీ కాకుండా పోయింది.

రెండు పేర్లూ ఒకే మనిషివని సర్టిఫికెట్ ఇమ్మని తాలూకా ఆఫీసుకు వెళ్తే, అక్కడి గుమాస్తా కాగితాలు పక్కపక్కన పరిచి, “మీ నాయనకి ఇద్దరు పెండ్లాలా, పెరియవరే?” అన్నాడు, పెద్దాయననని తమిళ మర్యాద తగిలించి. ఒళ్లు మండిపోయింది. అవసరం నాది కాబట్టి మింగాను. మరునాడు చేను గట్టున ఉన్న అమ్మ సమాధి రాయిని ఫోటో తీయించి తీసుకెళ్లాను. నేనే దగ్గరుండి చెక్కించిన తెలుగు అక్షరాలు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“మా ఇంట్లోనూ తెలుగే అప్పా. మాట్లాడేదే గానీ సదవను రాదు. ఇది గ అని నాకెట్ల తెలుస్తాది?”

“నేను సదివి చెప్తాండా గదా నాయనా!”

“నువ్వు సదివితే అది సాక్ష్యమా? బతికినప్పటి కాగితం ఏమన్నా ఉంటే తే, పో.”

ఆ తరువాత గ్రామాధికారి రిపోర్టు, ఇద్దరు ముసలి సాక్షులు, సెలవులో ఉన్న తహసీల్దారు. సాయంత్రం అక్క ఫోన్ చేసేది. “ఏమిరా, నేను నీ అక్కనని ఇంకా తేలలేదా?” అని నవ్వి దగ్గేది. “వచ్చే వారం తేలిపోతావు లేక్కా” అనేవాడిని. ఒకరోజు నవ్వలేదు. “బిన్నా రారా, టైము లేదు” అంది, అంతే.

సర్టిఫికెట్ తీసుకుని ఆఫీసు మెట్లు దిగుతున్నప్పుడు మేనకోడలు ఫోన్ చేసింది. “మామా, అమ్మ...” అని ఆగిపోయింది. నేను ఎండలో నిలబడి ఆ కాగితాన్ని మొదటినుంచి చదివాను. ఒక్క తప్పు లేదు, ముద్ర కూడా చక్కగా పడింది. మా అమ్మ ఒక్కతేనని సర్కారు తేల్చేలోగా, ఆమె పిల్లల్లో నేనొక్కడినే మిగిలాను.