మండె విప్పిన చేయి

కొడవలూరు పెంచలకృష్ణకు నోరు పెద్దది. సేద్యమూ అంతే గట్టిది. పక్క మడి నాదే కాబట్టి నాకు తెలుసు. విత్తన వడ్లు ఎవరు అమ్మినా గుడ్డిగా నమ్మడు. ఉప్పునీళ్లలో పోసి, తేలిన తాలు తీసేసి, మునిగిన గింజలను గోనెసంచిలో మూట బిగించి మండె కట్టి మొలక చూస్తాడు. ఎవరి నారైనా సరిగా రాకపోతే, "ముందు విత్తనాన్ని చూడండయ్యా, మడినెందుకు తిడతారు?" అని పాఠం చెబుతాడు.

ఆ పాఠం ఇంట్లో పనికిరాలేదు. ఏళ్లు గడిచినా పిల్లలు లేకపోతే పరీక్షలన్నీ భార్య సుప్రియకే చేయించాడు. తల్లి రాఘవమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. పిల్లల్లేనామె తాకితే మొలక చెడుతుందని కోడలిని మండె దరికే రానిచ్చేది కాదు. పెంచలకృష్ణ చూసీ చూడనట్టు ఉండేవాడు. నాకైతే ఒళ్లు మండేది.

ఈ ఏడు సుప్రియ మొండికేసింది. "నువ్వు పరీక్ష చేయించుకుంటేనే నేను ఇంకోసారి ఆస్పత్రి గడప తొక్కేది" అంది. ఇద్దరూ నెల్లూరు వెళ్లారు. ల్యాబులో పనిచేసే షాహిస్తా అతని వీర్యకణాలను తెర మీద చూపించింది.

"ఎట్టా ఈదుతుండాయో చూడు!" అని పెంచలకృష్ణ మీసం దువ్వాడు.

"తోకలు బాగుండాయన్నా. తలలు చూడండి, అన్నీ గుండ్రంగా ఉండాయి. తల ముందు టోపీ మాదిరి ఒకటుండాల. అండం పొరను కరిగించి దారి చేసేది అదే. మీ కణాలకు అది లేదు. ఎంత ఈదినా బయటే ఆగిపోతాయి."

తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించవచ్చు. అయితే పిండంగా ఎదగమని అండాన్ని తట్టిలేపే పదార్థం కూడా ఆ తలతోనే రావాలి, ఇతనికి అదీ తక్కువ. దానికి మందు ఉంది. అందరికీ ఫలించదు గానీ, ఆశ వదులుకోవాల్సిన పని లేదు.

నెల్లూరు నుంచి వచ్చాక పెంచలకృష్ణ ఎప్పటిలాగే విత్తన వడ్లు మండె కట్టాడు.

మండె విప్పే రోజు పక్క మడుల వాళ్లమంతా అక్కడే ఉన్నాం. రాఘవమ్మ అలవాటుగా, "సుప్రియా, దూరం జరుగు" అంది.

"జరగబళ్లేదు" అన్నాడు పెంచలకృష్ణ. "లోపం నాలో ఉండాదమ్మా. నా కళ్లతో చూసినా."

"నలుగురిలో అదేం మాటరా!"

"ఆమెను దూరం పెట్టింది నలుగురిలోనే గదా. నేనూ నోరు మూసుకోని ఉంటి."

సంచి మూతి సుప్రియ వైపు తిప్పాడు. ఆమె ముడి విప్పి చేయి లోపలికి పోనిచ్చింది. తెల్లటి మొలకలు పిడికెడు తీసి అత్త దోసిట్లో పోసింది.

"వెచ్చగా ఉండాయి గదత్తా. నేను తాకినా చెడలేదు."